పగటి వెలుగును రాత్రికి దాచుకొనుట

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి. క్రిస్మస్ దగ్గరపడి, మందిరములకు సున్నాలు వేయించుకొని నక్షత్రాలు కట్టుకునే రోజులవి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి చేలల్లోను, మిర్చి తోటల్లోను నీళ్లు నిలిచాయి. ఆ రాత్రి ఎన్నో గ్రామాలు చీకటిలో గడిపాయి. కరెంటు లేకపోతే పోయేది దీపం ఒక్కటే కాదు గదా. మోటారు తిరగదు గనుక ట్యాంకులోకి నీళ్లెక్కవు. సెల్‌ఫోను ఆగిపోతుంది గనుక పట్టణంలో ఉన్న పిల్లలకు మన క్షేమం తెలియదు. నెలలు నిండిన తల్లి ఉన్న ఇంట్లో అటువంటి రాత్రి ఎంత పొడవుగా ఉంటుందో ఆ ఇంటివారికే ఎరుక.

ఇటువంటి రాత్రులు మన తీరానికి కొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను కళ్లారా చూసిన పెద్దలు మన సంఘములలో ఇంకా ఉన్నారు. 1990 మే నెల తుపాను ఎందరికో గుర్తు. అయితే ఆనాటికీ ఈనాటికీ ఒక తేడా ఉంది. ఆ రోజుల్లో ప్రతి ఇంటా ఒక హరికేన్ లాంతరు, ఒక కిరోసిన్ బుడ్డి ఉండేవి. కూటములకు పెట్రోమాక్స్ లైటు ఉండేది. దాన్ని వెలిగించడం చేతనైన అన్నకు సంఘములో ఉన్న గౌరవం ఇప్పటి మైకుసెట్టు వారికి కూడా లేదు! ఇప్పుడు లాంతరు అటక మీద తుప్పు పట్టింది, కిరోసిన్ దొరకడమే అరుదు. కరెంటు మీద ఆనుకోవడం పూర్తిగా అలవాటైపోయింది.

ఈ నేపథ్యంలో, ఒక చిన్న సోలార్ విద్యుత్ కేంద్రాన్ని బ్యాటరీలతో సహా మందిరము దగ్గర గాని, బడి దగ్గర గాని ఏర్పాటు చేసుకోవాలని కొన్ని సంఘములు ఆలోచిస్తున్నాయి. మంచి ఆలోచనే. పలకలు కొనడానికి ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పలకల గురించి కాదు, వాటిని కనిపెట్టుకొని ఉండే మనిషి గురించి.

పలకలున్నా చీకటే

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు పెట్టుకునేవారికి 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, అంతకు మించితే మొత్తం మీద 78,000 రూపాయలు సబ్సిడీ అని నిర్ణయించారు. దరిమిలా మన పల్లెల్లో కూడా డాబాల మీద నీలిరంగు పలకలు కనబడుతున్నాయి. పెట్టుకున్నవారి కరెంటు బిల్లు తగ్గుతున్నది. సంతోషమే.

అయితే ఒక సంగతి అమ్మేవారు సాధారణంగా చెప్పరు, కొనేవారు అడగరు. ఊరి లైనులో కరెంటు పోయిందంటే ఈ పలకలు కూడా పని మానేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో అయినా సరే, ఇంట్లో ఫ్యాను తిరగదు. అది చెడిపోవడం కాదు, కావాలనే అలా తయారుచేశారు. పలకల నుండి వచ్చిన కరెంటులో ఇంటికి వాడగా మిగిలింది ఊరి లైనులోకి పోతుంది. తుపానుకు తీగ తెగితే లైన్‌మన్ సరఫరా ఆపించి స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మన డాబా మీది కరెంటు ఆ తీగలోకి పారితే ఒక తల్లి బిడ్డ ప్రాణం పోతుంది. అందుకని లైనులో కరెంటు పోయిన వెంటనే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది.

కావున, ఊరంతా చీకటైన రాత్రి వెలుగు కావాలంటే పలకలతో పాటు బ్యాటరీలు, వాటికి తగిన ఇన్వర్టరు ఉండి తీరాలి. ఊరి లైనుతో పనిలేకుండా నడిచే ఏర్పాటును ఆఫ్‌గ్రిడ్ అంటారు, లైనూ బ్యాటరీ రెండింటినీ వాడుకునేదాన్ని హైబ్రిడ్ అంటారు. పైన చెప్పిన సబ్సిడీ ఇళ్లకు ఇచ్చేది, దాని లెక్క కూడా పలకల కిలోవాట్ల మీదనే. బ్యాటరీ ఖర్చు మనదే.

కళ్లము, గాదె

సూర్యుని చేత పని చేయించుకోవడం మన ప్రాంతపు రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. మిరపకాయలు కోసి కళ్లంలో ఆరబోస్తాము. ఎండ ఊరికే వస్తుంది, కాయ ఎండుతుంది. ఎండిన కాయనంతటినీ ఆ రోజే యార్డుకు తోలము. ధర లేకపోతే టిక్కీలు కట్టి ఏసీలో పెట్టుకుంటాము, అవసరమైనప్పుడు తీసుకుంటాము. సోలార్ కేంద్రం కూడా అంతే. పలక కళ్లం వంటిది, బ్యాటరీ ఏసీ వంటిది. ఈ రెంటి మధ్య చార్జ్ కంట్రోలర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత పోవాలో, ఎప్పుడు ఆపాలో అది చూసుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీలోని కరెంటును మన బల్బులకు, ఫ్యాన్లకు పనికివచ్చే విధంగా మారుస్తుంది.

గాదెలో ధాన్యమంతా ఊడ్చి వండుకునే ఇల్లాలు ఉండదు. విత్తనానికి అట్టే పెడుతుంది. సీసపు బ్యాటరీకీ ఇదే న్యాయం. అందులో ఉన్నదానిలో సగం మాత్రమే వాడుకుంటే అది నాలుగైదేళ్లు బ్రతుకుతుంది. రోజూ అడుగంటా వాడితే రెండేళ్లకే చచ్చిపోతుంది. చిన్న కేంద్రాలు మూలపడటానికి ఎక్కువగా ఇదే కారణం.

ఒక ఉదాహరణ వేసుకుందాము. యాభై కుటుంబాల సంఘము, వారికి ఒక మందిరము. తుపాను రాత్రి చుట్టుపక్కల పూరిళ్లవారు వచ్చి అందులో తలదాచుకున్నారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, ఆరు గంటలపాటు వెలిగితే యూనిట్‌లో మూడవ వంతు ఖర్చవుతుంది. నలభై సెల్‌ఫోన్లు చార్జి చేస్తే అర యూనిట్ పైచిలుకు. రెండూ కలిపినా ఒక యూనిట్‌కు లోపే. తుపాను రోజుల్లో మబ్బు దట్టంగా ఉంటుంది గనుక పలకల నుండి మామూలులో నాలుగవ వంతు కూడా రాదు. కాబట్టి మూడు రోజులకు సరిపడా, అంటే మూడు యూనిట్లు, ముందే బ్యాటరీలలో ఉండాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కొక్కటి 1.8 యూనిట్లు పట్టుకుంటుంది. నాలుగు పెడితే 7.2 యూనిట్లు. సగం మనకు, సగం విత్తనానికి. మూడున్నర యూనిట్లు చేతికి వస్తాయి. ఒక కిలోవాటు పలకలు మంచి ఎండ ఉన్న రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి గనుక, మబ్బు విడిచిన ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అయినది తిరిగి నిండుతుంది. ఒక కిలోవాటుకు మందిరము కప్పు మీద సుమారు 100 చదరపు అడుగుల చోటు చాలు.

ఇదే లెక్కలోకి పాతరకం ఫ్యాన్లు తెచ్చి చూడండి. 75 వాట్ల ఫ్యాన్లు ఆరు, మూడు గంటలు తిరిగితే ఒకటింబావు యూనిట్ పైనే. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఒక్కొక్కటి సుమారు 30 వాట్లే తింటాయి, అవైతే అర యూనిట్ పైచిలుకుతో సరిపోతుంది. ఇక ఇస్త్రీపెట్టె సంగతి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు పెడితే ఒక యూనిట్. ఆరాధనకు వచ్చే ముందు ఎవరో ఒకరు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటే, ఆ రాత్రి నలభై కుటుంబాల ఫోన్లు, ఆరు బల్బులు ఆ చొక్కాలోకి పోయినట్లే!

నా ఆలోచన ఏమనగా, కరెంటు సవ్యంగా వచ్చే ఊళ్లో ప్రతి ఇంటికీ ఇంత ఏర్పాటు అక్కరలేదు. ఇంటికి ఒక చార్జింగ్ లైటు చాలు. ఊరందరికీ ఉమ్మడిగా, నలుగురూ వచ్చి కూర్చోగల చోట, ఒక చిన్న కేంద్రం ఉంటే చాలు. గుజరాత్‌లో మొఢేరా గ్రామానికి ప్రభుత్వం 6 మెగావాట్ల సోలార్ కేంద్రాన్ని, 15 మెగావాట్ అవర్ బ్యాటరీలతో కట్టి, 2022 అక్టోబరులో ఇరవైనాలుగు గంటల సౌరగ్రామమని ప్రకటించింది. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికే వచ్చింది. అవి ప్రభుత్వాలు చేయగల పనులు. మనము మాట్లాడుకునేది వాటిలో వెయ్యవ వంతు కూడా కాని ఒక కిలోవాటు గురించి. చిన్నది కదా అని తేలికగా తీసుకుంటేనే చిక్కు.

ధర్నయీలో జరిగినది

బీహారు రాష్ట్రం జహానాబాద్ జిల్లాలో ధర్నయీ అనే గ్రామం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊరికి కరెంటు లేదు. 2014 జూలైలో గ్రీన్‌పీస్ సంస్థ, హైదరాబాదులో పుట్టిన బేసిక్స్ సంస్థ, సీడ్ అనే మరో సంస్థ కలిసి అక్కడ 100 కిలోవాట్ల సోలార్ కేంద్రాన్ని బ్యాటరీలతో సహా నెలకొల్పాయి. సుమారు 450 ఇళ్లు, 2,400 మంది జనం. ఖర్చు దాదాపు 3 కోట్ల రూపాయలు. వీధి దీపాలు వెలిగాయి, పిల్లలు రాత్రిపూట చదువుకున్నారు, పొలాలకు మోటార్లు తిరిగాయి. దేశమంతటా పత్రికలు వ్రాశాయి. మాజీ ముఖ్యమంత్రి స్వయంగా వచ్చారు. అయితే ఆయన వచ్చిన రోజునే కొందరు గ్రామస్థులు తమకు 'అసలు కరెంటు' కావాలని అడిగారు. కొద్దికాలానికే ప్రభుత్వం ఊరికి మామూలు కరెంటు లైను వేసింది.

అసలు కరెంటు అన్న ఆ మాటను తప్పుపట్టడానికి లేదు. సోలార్ కరెంటు మీద టీవీలు, ఫ్రిజ్‌లు పెట్టవద్దన్నారు. ధర చూడబోతే సోలార్‌ది యూనిట్ సుమారు 9 రూపాయలు, ప్రభుత్వ లైనుది 3 రూపాయలు. బీద కుటుంబం దేనివైపు పోతుంది? జనం కొంచెం కొంచెంగా ఇటు మళ్లారు. సొమ్ము రావడం తగ్గింది. సుమారు మూడేళ్లకు బ్యాటరీలు పని మానేశాయి. వాటిని మార్చినవారు లేరు. 2021లో పత్రికలవారు మళ్లీ ఆ ఊరికి వెళ్లేసరికి, ఆ కేంద్రం ఆవరణలో పశువులను కట్టేసి ఉన్నారు. పలకలు మాత్రం కప్పుల మీద అలాగే ఉన్నాయి.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. పలకల ఆయుష్షు ఇరవై ఐదేళ్లు. బ్యాటరీలది నాలుగైదేళ్లు. అంటే ఒక జత పలకలు బ్రతికినంత కాలంలో బ్యాటరీలను నాలుగైదు మార్లు మార్చాలి. మొదటిమారు దాతలు ఇస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కిస్తారు. రెండవమారుకు దాత ఎవరు? ఆ శిలాఫలకం మీద ఎన్నో పేర్లుంటాయి గాని, నెలనెలా బ్యాటరీలో నీళ్లు పోయవలసినవాని పేరు ఏ శిలాఫలకం మీదా నేను చూడలేదు.

దీనికి భిన్నంగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో జరిగినది చూడండి. అక్కడి క్రెడా అనే ప్రభుత్వ సంస్థ 2011 నుండి 2016 మధ్య 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రెండేసి కిలోవాట్ల సోలార్ ఏర్పాట్లు బ్యాటరీలతో సహా పెట్టించింది. 2017లో ఢిల్లీకి చెందిన సీఈఈడబ్ల్యూ అనే అధ్యయన సంస్థ వెళ్లి చూస్తే, సోలార్ ఉన్న ఆరోగ్య కేంద్రాలలో నెలకు జరిగే కాన్పులు లేనివాటిలో కన్నా దాదాపు రెట్టింపు ఉన్నాయి. అంతా సోలార్ మహిమే అనడానికి వీల్లేదు గాని, దీపం ఉన్న చోటికి కాన్పుకు వెళ్లడానికి ఏ తల్లికైనా ధైర్యం వస్తుంది గదా. ఆ రాష్ట్రంలో సోలార్‌తో వెలిగే అడవి పల్లెలు కూడా వందలకొలది ఉన్నాయి. పల్లెలో పలకలు తుడిచి బ్యాటరీలు చూసుకునే మనిషి ఒకడు, కొన్ని పల్లెలకు కలిపి తిరుగుతూ ఉండే మెకానిక్ ఒకడు, వారిద్దరి పనినీ తనిఖీ చేసేవారు పైన, ఇలా మూడు అంచెల ఏర్పాటు వారికి ఉంది. వస్తువు రెండు చోట్లా ఒకటే, ఎండ రెండు చోట్లా ఒకటే. తేడా ఈ మనుషుల దగ్గర ఉంది.

నూనె తెచ్చేవారు, దీపం చూసేవారు

నిర్గమకాండము 27వ అధ్యాయము చివరి వచనములు మనము త్వరగా చదివి దాటిపోతాము. ప్రత్యక్షపు గుడారములో దీపము వెలుగుటకు దేవుడు అక్కడ రెండు ఏర్పాట్లు చేశాడు. నూనె తేవలసిన పని ఇశ్రాయేలు ప్రజలందరిది. సాయంకాలము మొదలుకొని ఉదయము వరకు దీపమును చక్కపరచవలసిన పని అహరోనుది, అతని కుమారులది. నూనె అందరిదీ, బాధ్యత పేరు పెట్టి కొందరిదీ. బుద్ధిలేని కన్యకల సిద్దెలలో నూనె లేకపోవుటను గూర్చి మన ప్రసంగాలలో తరచుగా వింటాము గాని, ఈ అహరోను వంతును గూర్చి అంతగా వినము. సోలార్ పెట్టుకోదలచిన సంఘము ఈ రెండు వచనములను కమిటీ మొదటి కూటములోనే చదువుకోవడం మంచిది.

నూనె లెక్క ఇలా ఉంటుంది. మంచి ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి 15,000 రూపాయలు అనుకుందాము. నాలుగు బ్యాటరీలకు 60,000. అవి ఐదేళ్లు, అంటే అరవై నెలలు వస్తాయనుకుంటే నెలకు వెయ్యి రూపాయలు దాచాలి. యాభై కుటుంబాలకు పంచితే కుటుంబానికి నెలకు 20 రూపాయలు, ఆదివారానికి 5 రూపాయలు. ఇది పెద్ద మొత్తము కాదు. ఒక మనిషి టీ ఖర్చు కూడా కాదు. అయితే దీనిని మామూలు కానుకలలో కలిపివేస్తే ఐదేళ్ల తరువాత వెదికినా కనబడదు. ప్రహరీగోడలోకో, కొత్త మైకుసెట్టులోకో పోయి ఉంటుంది. కావున విడిగా ఒక పెట్టె, విడిగా ఒక బ్యాంకు పాసుపుస్తకం, మూడు నెలలకొకసారి సంఘము ఎదుట లెక్క చదవడం, ఇవి ఉండాలి.

చిన్న మొత్తాలతో పెద్ద పనులు జరగవని అనుకునేవారు మిజోరం సంఘముల వైపు చూడవచ్చు. అక్కడి ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుండి, వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని పనికి వేరే ఉంచుతూ వచ్చారు. ఆ పిడికెళ్లతో ఎందరో సువార్తికులను పంపించి పోషించారు. మన స్త్రీల సమాజములలోనూ ఇటువంటి అలవాటు ఉన్నచోట్లు లేకపోలేదు.

ఇక దీపం చూసేవారు. ఈ పనికి యౌవనస్థులను పెట్టాలని అందరూ అంటారు. యౌవనస్థులు చురుకైనవారే గాని చదువుకో, ఉద్యోగానికో గుంటూరు, హైదరాబాదు వెళ్లిపోతారు. ఊళ్లో నిలకడగా ఉండేవారు స్త్రీలు. చదువురాని స్త్రీలకు ఈ పని చేతకాదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. రాజస్థాన్‌లో తిలోనియా గ్రామంలోని బేర్‌ఫుట్ కాలేజీ బొత్తిగా చదువులేని నాయనమ్మలకు, అమ్మమ్మలకు సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పింది. ఆఫ్రికా దేశాల నుండి కూడా స్త్రీలు వచ్చి నేర్చుకొని వెళ్లారు. తీగల రంగులు చూసి గుర్తుపట్టడం మీద ఆ శిక్షణ నడుస్తుంది. తాలుకాయను, మంచికాయను కన్నుమూసి తెరిచేలోగా వేరుచేసే మన అక్కలకు రంగు గుర్తుపట్టడం ఒక లెక్కా!

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రాదు

మన ఎండలు సోలార్‌కు బాగా పనికివస్తాయని అనుకుంటాము. వెలుతురు పనికివస్తుంది, వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ప్రతి డిగ్రీకి నూటికి దాదాపు 0.4 వంతు చొప్పున కరెంటు తగ్గుతుంది. రెంటచింతల వంటి చోట మే నెలలో పలక 65 డిగ్రీలకు వేడెక్కితే నూటికి పదహారు వంతులు పోయినట్లే. అందుకే పలకను కప్పుకు అంటించకుండా, అడుగున గాలి ఆడేటట్లు ఇనుప చట్రం మీద బిగిస్తారు. దక్షిణం వైపు చూస్తూ, సుమారు 16 డిగ్రీల వాలుతో ఉంటే మన జిల్లాలకు సరిపోతుంది. రేకుల కప్పు మీద ఎక్కించడం క్షేమం కాదు. తుపాను గాలికి పలక గాలిపటమవుతుంది. స్లాబు లేని మందిరమైతే ఆవరణలో సిమెంటు దిమ్మలు కట్టి నిలబెట్టుకోవాలి.

బ్యాటరీకి వేడి ఇంకా కీడు. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీల వేడికి సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. దాన్ని రేకుల వరండాలో పెట్టడం కన్నా, గాలి వచ్చే నీడ గదిలో, చెక్క బల్ల మీద పెట్టాలి. చార్జి అయ్యేటప్పుడు దాని నుండి మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. కనుక కిటికీ ఉండాలి, ఆ గదిలో కొవ్వొత్తి గాని, అగ్గిపుల్ల గాని వెలిగించరాదు. సండేస్కూలు పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు, అందులో ఉండేది యాసిడ్. నెలకొకసారి మూతలు తీసి చూసి, తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరునీళ్లు పోస్తే అందులోని ఉప్పులు పలకలను తినేస్తాయి. మన పడమటి పల్లెల్లో బోరునీళ్ల సంగతి వేరే చెప్పాలా?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ నీళ్ల బాధ లేదు. పదేళ్ల దాకా వస్తాయి, ఉన్నదానిలో నూటికి ఎనభై వంతులు వాడుకోవచ్చు. ధర ఎక్కువ. చెడితే ఊళ్లో మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు, కంపెనీవారే రావాలి. సొమ్ము సమకూరితే అవే మేలని నా అభిప్రాయం. కాని వారంటీ కాగితం మీద పిలిస్తే వచ్చే మనిషి ఒంగోలులోనో గుంటూరులోనో ఉన్నాడా అని ముందు తెలుసుకోవాలి.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. పత్తి తీతల కాలంలో నూగు, మిర్చి కళ్లాల కాలంలో మట్టి, పిడుగురాళ్ల వైపు సున్నపు దుమ్ము, చీరాల, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి. వారానికొకసారి, ఎండ ఎక్కకముందే, మంచినీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తుడవాలి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. శనివారం సాయంత్రం మందిరము ఊడ్చేవారే ఆ నిచ్చెన కూడా ఎక్కితే సరిపోతుంది.

తుపాను హెచ్చరిక రేడియోలో వినగానే చేయవలసిన పని ఒకటుంది. ఆ రెండు రోజులు ఫ్యాన్లు, మైకు ఆపి బ్యాటరీలను నిండుగా నింపుకోవాలి. చట్రం బోల్టులు బిగించి చూసుకోవాలి.

చివరగా, చచ్చిపోయిన బ్యాటరీ. దానిని పాత ఇనుప సామానులవానికి వేయరాదు, ఊళ్లో పగులగొట్టి సీసం తీయనివ్వరాదు. ఆ సీసం మట్టిలో కలిస్తే పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఆ హాని తిరిగి బాగుపడదు. బ్యాటరీ తయారుచేసిన కంపెనీలే పాతవాటిని వెనక్కు తీసుకొని సక్రమంగా కరిగించే బాధ్యత వహించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. కొత్తది కొనేటప్పుడు దుకాణంవారు పాతదాన్ని తూకం వేసి ధర కడతారు. బిల్లులో ఆ మొత్తం విడిగా వ్రాయించుకొని, అదే పెట్టెలో వేయాలి.